సేవకూ ఒక వంతు ఉండాలి



మన గోదావరి జిల్లాల్లో ఈ రోజుల్లో పాస్‌పోర్టు లేని ఇల్లు వెతికితేగాని కనిపించదు. కూతురి పురుడనో, కొడుకు ఇల్లు కొనుక్కున్నాడనో మనలో చాలామంది అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తున్నాం. వచ్చాక నయాగరా చూశామంటాం, చలికి తట్టుకోలేకపోయామంటాం. ఆ దేశపు ఇల్లాలి రోజు ఎలా గడుస్తుందని అడిగితే మాత్రం చెప్పలేం. మనం ఉన్నది మన పిల్లల ఇంట్లో, తిన్నది మనం పట్టుకెళ్ళిన ఆవకాయ, మాట్లాడింది మన తెలుగువాళ్ళతో. ఇంక ఎలా తెలుస్తుంది చెప్పండి!

ఇంకో రకం ప్రయాణం ఉంది. ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇంట్లో అతిథిగా ఉండి, ఆ ఊళ్ళో సాటి మనిషికోసం జరిగే పనులు కళ్ళారా చూసి రావడం. ఈవేళ మీతో ముచ్చటించాలనుకున్నది దాన్ని గురించే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రోటరీ సంస్థ 1965లో గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్ అని ఒక పథకం మొదలుపెట్టింది. వృత్తుల్లో, ఉద్యోగాల్లో ఉన్న కొద్దిమంది యువకులు, వాళ్ళకి పెద్దదిక్కుగా ఒక రోటరీ సభ్యుడు కలిసి వేరే దేశం వెళ్ళి, నాలుగు నుంచి ఆరు వారాలపాటు అక్కడి కుటుంబాల్లో ఉండేవారు. మొదట్లో మగవాళ్ళనే పంపేవారు. తరవాత ఆడవాళ్ళకీ అవకాశం వచ్చింది. 2013లో ఆ పథకం ఆగిపోయింది గాని, ఫ్రెండ్‌షిప్ ఎక్స్ఛేంజ్ అనేది ఇప్పటికీ నడుస్తోంది. ఇందులో దారిఖర్చులు ఎవరివి వాళ్ళవే. బస, భోజనం ఆతిథ్యమిచ్చే కుటుంబం చూసుకుంటుంది. తరవాత వాళ్ళు మన దేశం వస్తే మన ఇంట్లో పెట్టుకోవాలి. మన పల్లెటూళ్ళ లెక్కే అనుకోండి, ఇవాళ మీ ఇంట్లో విస్తరి, రేపు మా ఇంట్లో.

ఆడవాళ్ళకి సంబంధించినంత వరకు ఇందులో ఓ చిన్న చరిత్ర ఉంది. రోటరీ మొదలైంది 1905లో షికాగోలో. ఆడవాళ్ళని సభ్యులుగా ప్రపంచమంతటా చేర్చుకున్నది మాత్రం 1989లో. అంతవరకూ ఆడవాళ్ళు చేతులు ముడుచుకు కూచోలేదు. 1923 నవంబరులో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో మార్గరెట్ గోల్డింగ్ అనే ఆవిడ, నర్సుగా పనిచేసిన మనిషి, రోటరీ సభ్యుల ఇల్లాళ్ళని కొంతమందిని పోగుచేసింది. కూచోడానికి చోటెక్కడ? ఒక టర్కీ స్నానశాల దొరికితే అక్కడే సమావేశమయ్యారు. మరుసటి సంవత్సరం జనవరి 10న ఇన్నర్ వీల్ అనే సంఘం పుట్టింది. మన రాజమండ్రిలోనూ ఇన్నర్ వీల్ పేరు వినని వాళ్ళు తక్కువ. స్నానాల గదిలో మొదలైన సంఘం గోదావరి గట్టుదాకా వచ్చిందంటే, పని చెయ్యాలనుకున్న ఆడదానికి హాలు లేకపోవడం అడ్డం కాదన్నమాట.

నేను వెళ్ళింది ఇంగ్లండుకి, లండనుకి దక్షిణాన సర్రే ప్రాంతంలోని ఓ చిన్న ఊరికి. పది రోజులు ఒక ఇంట్లో ఉన్నాను. ఆవిడ, ఆయన, ఇద్దరూ ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్ళు. విశ్రాంతి అన్నది మన మాట. వాళ్ళ వంటింటి గోడమీద ఓ కాగితం అంటించి ఉంది. మంగళవారం ఆవిడ ముసలివాళ్ళకి భోజనాలు పట్టుకెళ్ళాలి. గురువారం మధ్యాహ్నం పాతబట్టల దుకాణంలో కూచోవాలి. శనివారం ఆయన సొంత కారులో ఎవరో పేషెంటుని ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఎవరి వంతు ఎప్పుడో, గంటతో సహా రాసి ఉంది.

మొదటి మంగళవారం పొద్దున్న ఆవిడ కోటు తొడుక్కుని, "మీరూ వస్తారా?" అని అడిగింది. వేలమైళ్ళ నుంచి చుట్టం వస్తే తన వంతు మానుకోలేదు, చుట్టాన్నే వెంటపెట్టుకు వెళ్ళింది. మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చుట్టాలొచ్చారంటే చాలు, అన్ని పనులకీ సెలవు. అందులో మన ఆప్యాయత ఉంది, కాదనను. కాని మనకోసం ఎదురుచూసే ముసలావిడ ఒకరుంటే, ఆవిడ ఆకలికి మన చుట్టాలు వచ్చారని తెలియదు గదా!

ఆ మంగళవారం తొమ్మిదిళ్ళు తిరిగాం. ఆవిడ తలుపు తట్టి, ఓపిగ్గా నిలబడేది. లోపలి మనిషి కర్ర పట్టుకుని నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు. భోజనం బల్లమీద పెట్టి మూత తీసి ఇచ్చేది. చేతివేళ్ళు వంకర్లు పోయిన వాళ్ళకి మూత తీయడమే పెద్ద పని. మాట్లాడుతూనే చుట్టూ చూసేది. నిన్నటి భోజనం తిన్నారా, అలాగే ఉందా? గది వెచ్చగా ఉందా? ఉత్తరాలు విప్పకుండా పడున్నాయా? ఏదైనా తేడాగా ఉంటే బయటికి వచ్చి కాగితంమీద రాసేది. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. మనమైతే గిన్నె గుమ్మంలో పెట్టి పోతాం. ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. ఆఫీసుకి ఫోను చేసింది, వాళ్ళు కొడుక్కి ఫోను చేశారు, పక్కింటివాళ్ళ దగ్గర తాళం ఉంటే తెచ్చి తీశారు. ముసలాయన పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ వినిపించుకోలేదంతే. అందరూ నవ్వుకున్నాం. కాని ఆయన పడిపోయి ఉంటే, మర్నాటిదాకా ఎవరికీ తెలియని పరిస్థితి ఆ ఊళ్ళో లేదు. వాళ్ళు పట్టుకెళ్ళేది అన్నమే అయినా, అసలు కనిపెట్టేది మనిషిని.

ఈ పని పుట్టుక కూడా తెలుసుకోవలసిందే. యుద్ధం రాబోతోందని 1938లో లేడీ రీడింగ్ అనే ఆవిడ ఇంగ్లండులో ఆడవాళ్ళ స్వచ్ఛంద సేవాదళం ఒకటి ఏర్పాటుచేసింది. బాంబులు పడుతున్న రోజుల్లో, 1943లో, ఇల్లు కదల్లేని వాళ్ళకి ఆ దళం ఆడవాళ్ళే భోజనాలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. బళ్ళు లేవు. పసిపిల్లల్ని తిప్పే పాత తోపుడుబళ్ళలో గిన్నెలు పెట్టి, వేడి చల్లారకుండా చుట్టూ ఎండుగడ్డి, పాత టోపీల గుడ్డ కూరేవారట. మన పెద్దవాళ్ళు అన్నం కుండ గడ్డిచుట్టులో పెట్టేవారు, గుర్తుందా? తెలివి ఒక్కటే, దేశాలే వేరు.

అక్కడంతా స్వర్గమని నేను చెప్పటంలేదు. డబ్బు చాలక చాలా ఊళ్ళలో పురపాలక సంఘాలు ఈ భోజనాల ఏర్పాటు ఎత్తేశాయి. పక్కింట్లో ఎవరున్నారో తెలియని వీధులు అక్కడా ఉన్నాయి. ఒంటరితనం అక్కడ మనకంటే ముందే వచ్చింది కాబట్టి, దానికి విరుగుడు వెతుక్కోవడమూ ముందే మొదలైంది. మనం చూడవలసింది ఆ విరుగుడు.

గురువారం పాతబట్టల దుకాణం. ఆక్స్‌ఫామ్ సంస్థ వాళ్ళు ఆక్స్‌ఫర్డు పట్టణంలో బ్రాడ్ స్ట్రీట్‌లో తెరిచిన దుకాణానికి డెబ్బైయేళ్ళు దాటాయి. ఇప్పుడు ఇంగ్లండులో ప్రతి బజారులోనూ అలాంటివి రెండో మూడో కనిపిస్తాయి. ఇళ్ళల్లో మిగిలిన బట్టలు, పుస్తకాలు, కప్పులు తెచ్చి ఊరికే ఇస్తారు. వాటిని అమ్మి ఆ డబ్బు సేవకి వాడతారు. కౌంటరు దగ్గర నిలబడేది చాలావరకు జీతం లేని వాళ్ళే. మా ఇంటావిడకి ఒకటే సూత్రం. తాను కట్టుకోగలిగినదే అల్మారాలోకి వెళ్ళాలి. చిరిగినవి, మరకలు పడినవి వేరుచేసి గుడ్డపీలికల వ్యాపారికి తూకానికి వేస్తారు. మన వీధిలో స్టీలు సామాన్లవాడు వస్తే పాతచీరలు మూడు వేసి ఒక గిన్నె తీసుకుంటాం. తుఫాను బాధితులకంటే మాత్రం వాడు కూడా వద్దన్నవి మూటకడతాం. ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా మన దానానికి మర్యాద వస్తుంది.

మర్యాద అన్నాను గనుక ఇంకో మాట. ఆ పది రోజుల్లో భోజనం అందుకునే మనిషిని, బట్ట కొనుక్కునే మనిషిని ఎవరూ ఫొటో తీయడం నేను చూడలేదు. మన దగ్గర నాలుగు అరటిపళ్ళు ఇస్తే అయిదుగురు పట్టుకుని ఫొటో దిగుతారు. ఇది మన పాతపద్ధతి కాదు సుమండీ! లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టారు. 1909లో కాలం చేసిన ఆ తల్లి పేరుమీద ఇప్పుడు మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమే నడుస్తోంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం ఉత్సవానికి ఆవిణ్ణి పిలిస్తే, వచ్చినవాళ్ళకి అన్నం ఎవరు పెడతారని వెళ్ళలేదనీ, ఫొటో కూడా బతిమాలి తీయించవలసి వచ్చిందనీ మన ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. రాజమండ్రిలో 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపిస్తే, ఊరు వెలివేసి వంటవాళ్ళూ నీళ్ళుమోసే వాళ్ళూ మానేసినప్పుడు, రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్ళు మోసి వండిపెట్టింది. సేవ అన్నది మనం పరాయివాళ్ళని చూసి నేర్చుకోవలసిన విద్య కాదు.

మరి నేర్చుకోవలసింది ఏమిటి?

పరాయి దేశంలో రాత్రి భోజనం దగ్గర మనల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఊళ్ళో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళని ఎవరు చూస్తారు?" అని. మనవాళ్ళు అలవాటుగా చెప్పే జవాబు, "మా దగ్గర పిల్లలే చూస్తారు" అని. ఒకప్పుడు అది నిజమే. ఈనాడు రాజమండ్రి దానవాయిపేటలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఒక వీధి తీసుకుని గుమ్మాలు లెక్కపెట్టండి. మేడ ఉంటుంది, మార్బుల్ ఉంటుంది, గోడకి కెమేరా ఉంటుంది. లోపల డెబ్బై అయిదేళ్ళాయన, డెబ్బైయేళ్ళావిడ. లేదా ఇద్దరిలో ఒక్కరే. కొడుకు డాలసులో ఉండి ఆ కెమేరాలో అమ్మని చూస్తుంటాడు. అమ్మ స్నానాలగదిలో జారిపడితే కెమేరా లేవనెత్తదు గదా! తిండికి లోటు లేదు. కూర కర్రీపాయింటులో దొరుకుతుంది, మందులు షాపువాడు ఇంటికి పంపిస్తాడు. తలుపు తట్టే మనిషి దొరకడు. ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళల్లో మన పిల్లలూ ఉన్నారు. వాళ్ళని చదివించి పంపింది మనమే. అంచేత ఇది తిట్టుకుని తీర్చుకోవలసిన సంగతి కాదు, కూచుని ఏర్పాటు చేసుకోవలసిన సంగతి.

మన డెల్టావాళ్ళకి ఉపద్రవం వస్తే చెయ్యి ఆగదు. 1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరం దగ్గర ఎన్నడూ లేనంతగా పొంగినప్పుడు, 1996 నవంబరులో తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకి కొట్టినప్పుడు, ఎవరూ చెప్పకుండానే ఇల్లాళ్ళు పులిహోర కలిపి పొట్లాలు కట్టారు. పుష్కరాలొస్తే ముక్కూమొహం తెలియని వాళ్ళకి అరుగుమీద ఆకులు వేస్తాం. అది వరదలాంటి దయ. వచ్చినప్పుడు గట్లు తెగేటట్టు వస్తుంది, తరవాత తీసేస్తుంది. ముసలితనం వరద కాదే! అది ప్రతి మంగళవారం ఉంటుంది.

దీనికి మాట మన పొలాల్లోనే ఉంది. దాళ్వా రోజుల్లో గోదావరిలో నీరు తగ్గితే ఏం చేస్తారు? కాలువలకి వంతులవారీగా వదులుతారు. ఉన్న నీరు కొంచెమే అయినా, ఫలానా రోజున వస్తుందన్న నమ్మకంమీద శివారు చేను కూడా పండుతుంది. మనకి తీరిక కొంచెమే. నిజమే. ఆ కొంచాన్ని వంతు వేసుకోవడం ఆ ఇంగ్లీషావిడ దగ్గర నేను చూసిన విద్య. ఆవిడ ఇచ్చేది వారానికి అయిదారు గంటలు. కాని ఆ గంటలు ఆవిడవి కావు, ఆ తొమ్మిదిళ్ళవి.

విదేశం చూసి ఏం తేవాలో మన రాజమండ్రి ఆడపడుచే ఒకావిడ చూపించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1909లో ఇక్కడ పుట్టారు. 1953లో ఆవిడ చైనా వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకి వేరే న్యాయస్థానాలు ఎలా నడుస్తున్నాయో చూసి వచ్చారు. వచ్చి ఊరుకోలేదు. ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌ల వంటి న్యాయమూర్తులతో, నెహ్రూగారితో చర్చించారు. మన దేశంలో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్ళయింది. చూసివచ్చిన మంచి వేళ్ళూనడానికి ముప్ఫైయేళ్ళు పట్టింది. ఫ్రిజ్జుకి అంటించే బొమ్మ తెచ్చుకుంటే అంత ఓపిక అక్కర్లేదు గాని, అది ఎవరికీ పనికిరాదు.

మనం చట్టాలు చేయించక్కర్లేదు. ఒక వీధి చాలు. నలుగురు ఇల్లాళ్ళు కలవండి. ఒంటరిగా ఉన్న ఇళ్ళు అయిదు ఎంచుకోండి. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, రోజు, గంట మార్చకండి. ఒక నోటుపుస్తకంలో ఆ ఇంటివాళ్ళ పిల్లల ఫోన్లు, డాక్టరు పేరు, తాళం ఎవరి దగ్గరుంటుందో రాసి పెట్టుకోండి. తలుపు తీయకపోతే ఎవరికి ముందు ఫోను చెయ్యాలో ముందే అనుకోండి. డబ్బు, బ్యాంకు కార్డులు, నగల జోలికి పోవద్దు. మందు వేసుకున్నారా అని అడగండి, మీరు మందు మార్చకండి. ఆ ఇంట్లో విన్న మాట ఈ ఇంటికి మోయకండి. కోడలిమీద చెప్పినా, కొడుకుమీద చెప్పినా అక్కడే వదిలెయ్యండి. లేకపోతే రెండోవారం తలుపులు మూసుకుపోతాయి.

"మాకేం లోటమ్మా, మీకెందుకు శ్రమ?" అనే వాళ్ళుంటారు. మన గోదావరి జిల్లాల్లో అభిమానం ఎక్కువ. వాళ్ళ దగ్గర కూడా ఏదో ఒకటి పుచ్చుకోండి. మాస్టారైతే మీ పిల్లాడికి నాలుగు పద్యాలు చెప్పించుకోండి. మామ్మగారైతే ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎలాగో అడిగి రాసుకోండి. ఇంగ్లండులో నేను చూసిన మంగళవారం జట్టులో డెబ్బైయేళ్ళు దాటిన ఆవిడ ఎనభై దాటిన వాళ్ళకి గిన్నె మోసింది. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ అని గీత గీసినట్టు అక్కడ నాకు కనిపించలేదు.

మీలో ఎవరికైనా అలాంటి కుటుంబంలో ఉండి వచ్చే అవకాశం వస్తే వదులుకోకండి. శాకాహారమో మాంసాహారమో ముందే రాసి పంపండి, అక్కడికి వెళ్ళి మొహమాటపడితే వాళ్ళూ ఇబ్బంది పడతారు. తిన్న పళ్ళెం మీరే కడగండి. ఒక పూట మీరు వండిపెట్టండి. బహుమతికి మన నరసాపురం లేసు తీసుకెళ్ళండి. ఒకప్పుడు మిషనరీ ఆడవాళ్ళు మన వాళ్ళకి నేర్పిన ఆ పనికే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాటన్‌దొరగారి సమాధి సర్రేలోని డోర్కింగులో ఉందని, 1852కి ఆనకట్ట పూర్తిచేసిన ఆయన పేరు మన వాళ్ళు స్నాన సంకల్పంలో కూడా తలచుకునేవారని చెబితే వాళ్ళు ఆశ్చర్యపోతారు. వాళ్ళు మన ఊరు వచ్చినప్పుడు మాత్రం శాలువా కప్పి, పాపికొండలు చూపించి పంపేయకండి. మంగళవారం అయితే, మీ వంతు ఉంటే, వెంటపెట్టుకు వెళ్ళండి.

అలా తీసుకెళ్ళడానికి మన వీధిలో ముందు ఒక మంగళవారం ఉండాలి. ఈ వారమే పక్క గుమ్మం తట్టి చూడండి. సెలవు.